తెల్ల పాములకు నల్ల పిల్లలు

వాషింగ్టన్ రాష్ట్రంలోని రెడ్‌మండ్ నుంచి ఈశాన్యంగా కాస్త దూరం వెళితే మన్రో అనే ఊళ్లో రెప్టైల్ జూ ఉంది. నాగుల చవితికి పుట్టలో పాలు పోసి, పాము కనబడితే మాత్రం పరుగందుకునే మనవాళ్లని పిల్లలు ఇలాంటి చోట్లకే లాక్కెళ్తారు. ఇంటికొచ్చాక "మనమూ ఒకటి పెంచుదాం" అని మొదలుపెడతారు. అమెరికాలో ఆ గొడవ చాలాసార్లు బాల్ పైథాన్ దగ్గర తేలుతుంది. పశ్చిమాఫ్రికా కొండచిలువ ఇది. నాలుగైదు అడుగులుంటుంది, బెదిరితే తల లోపల దాచుకుని బంతిలా చుట్టుకుంటుంది.

ఒంటి మీద నలుపు, గోధుమరంగు మచ్చలు. ఘనా, టోగో, బెనిన్‌ల నుంచి వేలకొద్దీ దిగుమతయ్యేవి. ఎప్పుడో ఒకటి వింత రంగుది తగిలేది. ఆ రంగు పిల్లలకూ వస్తుందా అన్నదే ప్రశ్న. 1992లో ఓక్లహోమాకు చెందిన బాబ్ క్లార్క్ దగ్గర గుడ్లలోంచి ఆల్బినో పిల్లలు బయటికొచ్చాయి. పసుపు, తెలుపు ఒళ్లు, ఎర్రటి కళ్లు. పెంపకంలో పుట్టిన తొలి ఆల్బినోలవి.

ఇందులో కిటుకు ఓపికే. ఆల్బినోని మామూలు పాముతో కలిపితే పిల్లలన్నీ మామూలుగానే ఉంటాయి. తాత పోలిక మనవడిలో తేలినట్టు, దాగిన జన్యువు మరుసటి తరంలో బయటపడాలి. ఆడపాము ఈడుకు రావడానికే రెండు మూడేళ్లు. జన్యువును దాచుకున్న పాముని పెంపకందారులు 'హెట్' అంటారు. రెండు హెట్‌లు కలిస్తే ఒక్కో గుడ్డుకూ ఆల్బినో అయ్యే అవకాశం నాలుగింట ఒక వంతు. ఆరు గుడ్లలో ఒక్కటీ ఆల్బినో కాకపోయే అవకాశం దాదాపు 18 శాతం! మిగిలిన మామూలు పిల్లలకు '66 శాతం హెట్' అని చీటీ కడతారు. నిజానికి ఏ పామూ 66 శాతం హెట్ కాదు. జన్యువు ఉంటే ఉంది, లేకపోతే లేదు. ఆ 66 జన్యువు ఉండే అవకాశం మాత్రమే.

అన్ని రంగులూ ఇలా దాక్కోవు. 1999లో వచ్చిన 'స్పైడర్' రకానికి ఒక్క జన్యు ప్రతి చాలు, సాలెగూడు గీతలు బయటపడతాయి. వాటితోపాటే తల వణుకూ వస్తుంది. అది తెలిసీ అందం కోసం ఆ పాముల్ని ఇంకా పుట్టిస్తూనే ఉండటం నాకు మింగుడుపడదు.

ఇంకో వింత. ఆల్బినోని 'లావెండర్ ఆల్బినో'తో కలిపితే పిల్లలు నల్లమచ్చలతో మామూలుగా పుడతాయి. ఎందుకో 2022లో తూర్పు మిషిగన్ విశ్వవిద్యాలయం పరిశోధనలో అణుస్థాయిలో తేలింది. మొదటిదాంట్లో చెడింది టీవైఆర్ అనే జన్యువు, రెండోదాంట్లో ఓసీఏ2. ఒకదాని లోటును మరొకటి పూడుస్తుంది. ఈ పరిశోధనకు పాముని పొడవలేదు, కోయలేదు. పెంపకందారులు ఇచ్చిన కుబుసాలే ముడిసరుకు. ఇప్పుడు ఆ 66 శాతం చీటీ నమ్మనివాళ్లు పాము విడిచిన కుబుసాన్ని కవర్లో పెట్టి ల్యాబ్‌కి పంపుతున్నారు.