మకాం, అకామా, ఖల్లివల్లి: ఉత్తర తెలంగాణ తెలుగులో అరబ్బీ రెండవ రాక

వ్యాససంగ్రహం: అరబ్బీ పదాలు తెలుగులోకి రెండు కాలాల్లో, రెండు మార్గాల్లో చేరాయి. మొదటిది ఫారసీ, ఉర్దూల మీదుగా సాగిన పాలనా మార్గం. రెండవది 1970ల నుండి సాగుతున్న గల్ఫ్ వలస మార్గం. మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల వాడుకలో ఉన్న కొన్ని పదాల ఆధారంగా ఈ రెండవ మార్గాన్ని పరిశీలించడం, అందుకు అరబ్బీ మాండలిక పరిశోధన ఎట్లా తోడ్పడుతుందో చూపడం ఈ వ్యాసోద్దేశం.

కీలకపదాలు: ఆదాన పదాలు, అరబ్బీ మాండలికాలు, గల్ఫ్ వలస, వృత్తి పదకోశం.

1. ఉపోద్ఘాతం

అరబ్బీ సెమిటిక్ భాష, తెలుగు ద్రావిడ భాష. వీటికి జన్యసంబంధం లేకపోయినా రెండింటి చరిత్రలో ఒక సమస్య ఉమ్మడిగా కనిపిస్తుంది. అది వ్యాకర్తలు శాసించిన భాషకు, జనం మాట్లాడే భాషకు మధ్య ఉన్న దూరం. అరబ్బీలో గ్రంథాలకు, కార్యాలయ పత్రాలకు ఫుస్‌హా. ఇంటికి, బజారుకు ఆమ్మియా. చార్లెస్ ఫెర్గుసన్ 1959లో ఈ స్థితిని 'డైగ్లోసియా'గా వివరించినప్పుడు ఎంచుకొన్న నాలుగు ఉదాహరణల్లో అరబ్బీ ఒకటి. అప్పటికే తెలుగులో గిడుగు వేంకట రామమూర్తి వ్యావహారిక భాష పక్షాన జీవితకాలం వాదించి, 1940లో కన్నుమూశారు.

2. అరబ్బీ మాండలిక పరిశోధన

పలుకుబడిని శాస్త్రవిషయంగా స్వీకరించిన తొలి గ్రంథాల్లో లాండ్‌బెర్గ్ 1901లో వెలువరించిన హద్రమౌత్ మాండలిక అధ్యయనం ఒకటి. నిజాం సైన్యంలో పనిచేసి హైదరాబాదు బార్కస్‌లో స్థిరపడిన అరబ్బుల పూర్వులు ఆ హద్రమౌత్ నుండి వచ్చినవారే. 1915లో బెర్గ్‌ష్ట్రాసర్ సిరియా, పాలస్తీనాల మాండలిక పటాలను ప్రకటించాడు. 1967లో టి.ఎం. జాన్‌స్టన్ గల్ఫ్ తీరపు మాండలికాలను వర్ణించాడు. ఫుస్‌హాలోని 'ఖాఫ్' ధ్వని ఆ తీరంలో తరచు 'గ'గా మారుతుంది. 'ఖహ్వా' (కాఫీ) అక్కడ 'గహ్వా' అవుతుంది.

వలస కార్మికుల అరబ్బీపై 1990లో జె.ఆర్. స్మార్ట్ తొలి నివేదిక వెలువరించాడు. ఈ మిశ్రభాషలో క్రియకు పురుషభేదం తరచు లోపిస్తుంది. 'నేను పోతాను' అనడానికి 'అనా యిరూహ్', 'నువ్వు పోతావు' అనడానికి 'ఇంతా యిరూహ్' అంటారు. క్రియారూపం రెండింటిలోనూ ఒకటే. తెలుగులో కర్తను వదిలేసినా క్రియాంతం పురుషను తెలుపుతుంది. ఇక్కడ ఆ భారమంతా సర్వనామం మీదే పడుతుంది.

3. మొదటి రాక

హక్కు, వకీలు, జిల్లా, తహసీలు, రైతు, బాకీ, ఖరీఫు, రబీ మొదలైనవి మూలంలో అరబ్బీ పదాలు. అయితే ఇవి అరబ్బుల నోటినుండి వినవచ్చినవి కావు. ఫారసీ, ఆ తరువాత ఉర్దూ పాలనాభాషలుగా ఉన్న కాలంలో కచేరీల నుండి పల్లెకు చేరాయి. భూమి, శిస్తు, న్యాయస్థానం ఈ పదాల లోకం.

4. రెండవ రాక

1973 తరువాత చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాల్లో నిర్మాణపు పనులు విస్తరించాయి. నాటి కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుండి శ్రామికులు దుబాయి, మస్కట్, కువైట్, సౌదీ బాట పట్టారు. వారితోపాటు వచ్చిన పదాల్లో మూడు ఇక్కడ పరిశీలనార్హం.

అ) అకామా: నివాస అనుమతి పత్రం. 'అఖామా' అని కూడ రాస్తారు. మూలరూపం 'ఇఖామా'. దీని ధాతువు ఖాఫ్, వావ్, మీమ్. శతాబ్దాల క్రితమే తెలుగులో చేరిన 'మకాం' పదానిదీ అదే ధాతువు. ఒకే ధాతువు మొదట బస చేసే చోటును, తరువాత బస చేయడానికి కావలసిన కాగితాన్ని ఇచ్చింది. గల్ఫ్ పలుకుబడి ప్రకారం తెలుగులో 'గ' వినిపించాలి. క, ఖలే నిలిచాయి. దీనినిబట్టి ఈ పదం చెవికంటె ముందు పత్రం ద్వారా, లేదా ఉర్దూ మాట్లాడే తోటివారి ద్వారా వచ్చిందని ఊహించవచ్చు.

ఆ) ఖల్లివల్లి: గల్ఫ్ వాడుకలో 'వదిలెయ్యి, పోనీ' అని తోసిపుచ్చే మాట. 'ఖల్లి' విధ్యర్థక క్రియ. ధాతువు ఖే, లామ్, వావ్. తెలుగువారు నిత్యం వాడే 'ఖాళీ'కీ ఇదే ధాతువు. ఈ మాటకు లిఖిత గౌరవం లేదు. ఇది చెవి ద్వారానే వచ్చింది. తెలుగులో దీని వ్యాకరణ వర్గం మారి, విధ్యర్థకం విశేషణమైంది. కఫీల్‌ను, అంటే పూచీదారైన యజమానిని, విడిచి పత్రాలు లేకుండా బతికే కార్మికుణ్ణి 'ఖల్లివల్లి' అంటున్నారు.

ఇ) మాఫీ: 'రుణమాఫీ'లోని మాఫీ అరబ్బీ 'ముఆఫ్'కు ఫారసీ ప్రత్యయం చేరగా ఏర్పడింది. గల్ఫ్ పలుకుబడిలోని 'మాఫీ'కి 'లేదు' అని అర్థం; 'మా', 'ఫీ' అనే రెండు పదాల కలయిక. మకాం, అకామాలు వేరుగా కనిపించే తోబుట్టువులు కాగా, ఈ రెండు మాఫీలు ఒకే రూపంలో ఉన్న అపరిచితులు. జీతం 'మాఫీ' అన్న మాటను ఊరి అర్థంతో గ్రహిస్తే పొరపాటు ఎంతదో చెప్పనక్కరలేదు.

ఈ పదాలను కలిపి చూస్తే రెండవ రాకలోనే రెండు పాయలు కనిపిస్తాయి. అకామా పత్రాల భాషకు చెందినది. ఖల్లివల్లి నోటిమాటకు చెందినది. ఫెర్గుసన్ చెప్పిన రెండు అంతరాలూ వలసకూలీ పదకోశంలో చోటు చేసుకొన్నాయి. అకామా ఉన్నంతవరకు అతడు లిఖిత భాషలో ఉంటాడు. అది పోయిననాడు అతనికి పేరు పెట్టేది తోసిపుచ్చే ఆ నోటిమాటే.

5. ముగింపు

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి ప్రచురించిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం (1962) వ్యవసాయాన్ని, రెండవ సంపుటం (1971) చేనేతను స్వీకరించింది. పదాలు వృత్తిలో ఉన్నవారి నోట పుడతాయన్నది ఆ కృషికి ఆధారసూత్రం. సేద్యానికి పేరుపడిన మెట్‌పల్లి, కోరుట్ల పల్లెల్లోను, నేతకు పేరుపడిన సిరిసిల్లలోను అర్ధశతాబ్దిగా వలస కూడ ఒక బతుకుతెరువు. దానికి పదజాలం ఉంది, పదకోశం లేదు. తొలితరం వలసకారులు వృద్ధులవుతున్నారు. వారు విన్న ఉచ్చారణను, ఇచ్చుకొన్న అర్థాలను వారినుండే సేకరించాలి. అందుకు తెలుగు పరిశోధకుడు అరబ్బీ నిఘంటువుతోపాటు అరబ్బీ మాండలిక వర్ణనలను కూడ సంప్రదించడం అవసరం. ఫుస్‌హా నిఘంటువులో 'ఇఖామా' దొరుకుతుంది, 'ఖల్లివల్లి' దొరకదు.