బ్రౌజరుపై దొంగభారం: క్రిప్టోజాకింగ్ (2017–2019)

ఇతరుల కంప్యూటరు శక్తిని వారికి తెలియకుండా క్రిప్టో కరెన్సీ సంపాదనకు వాడుకోవడాన్ని క్రిప్టోజాకింగ్ అంటారు. 2017 సెప్టెంబరులో మొదలైన కాయిన్‌హైవ్ సేవ దీన్ని సులభం చేసింది. వెబ్ పేజీలో దాని జావాస్క్రిప్ట్ కోడ్ ఉంటే, పేజీ తెరిచి ఉన్నంతసేపు చూసేవారి ప్రాసెసరు మొనేరో అనే కరెన్సీ కోసం లెక్కలు చేసేది. బ్రౌజరు నెమ్మదించేది, యంత్రం వేడెక్కేది. కరెంటు ఖర్చు చూసేవారిది. రాబడిలో 30 శాతం కాయిన్‌హైవ్‌ది, మిగతాది కోడ్ పెట్టినవారిది.

2018 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ పురపాలక శాఖ సంచాలకుల కార్యాలయం, తిరుపతి నగరపాలక సంస్థ, మాచర్ల పురపాలక సంఘం వెబ్‌సైట్లలో ఇలాంటి కోడ్ ఉన్నట్లు భద్రతా పరిశోధకులు గుర్తించారు. ఎక్కువమంది నమ్మి తెరిచే పేజీలు కావడం వల్లే ప్రభుత్వ వెబ్‌సైట్లు హ్యాకర్లకు అనువుగా ఉంటాయి.

గిట్టుబాటు కావడం లేదంటూ కాయిన్‌హైవ్ 2019 మార్చి 8న సేవ నిలిపివేసింది. మొనేరో ధర పడిపోవడం అందుకు ఒక కారణం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: క్రిప్టోజాకింగ్‌లో ఖర్చు ఎవరిది? లాభం ఎవరిది?