చెల్లని యెత్తు: నంది సీమలో చదరంగము, యంత్రము

నందికొండపై నిలిచి ఉత్తరముగను, తూర్పుగను చూచినచో కన్నుల కగపడు సీమలో తెలుగు వినబడని యూరు అరుదు. పెన్న యీ కొండల చెంతనే పుట్టి నెల్లూరు దాటి సముద్రమున గలియును. చిత్రావతి బాగేపల్లి మీదుగా సాగి ఆ పెన్నలోనే చేరును. కైవారము తాతయ్యగారి తత్త్వములు తెలుగునను, కన్నడమునను గలవు. ఇంట తెలుగు, బడిలో కన్నడము మనకు తరతరముల వాడుక. చదరంగపు పావులకు సైత మీ రెండు నోళ్ళు తప్పలేదు. ఇంట శకటు అన్నది బడిలో ఒంటె యగును. ఆటకు మాత్రము దీనివలన నష్టము లేకుండెను. పేరేదైనను పావు అదే గడిలో నిలుచును గదా.

ఈమధ్య చింతామణిలో మా బంధువుల యింట నొక ముచ్చట చూచితిమి. ఎనుబది దాటిన పెద్దాయన మనుమని సెల్‌ఫోనులో యంత్రముతో చదరంగమునకు కూర్చుండెను. పది యెత్తులు సాఫీగా సాగినవి. పిమ్మట ఆయన రాజును గుర్రము వలె దుమికింపబోయెను. రాజు జారి మరల తన గడికే వచ్చి నిలిచెను. ఆయన మరల జరిపెను, అది మరల వెనుకకు వచ్చెను.

“తాతా, ఆ ఎత్తు చెల్లదు. ఇది ఒప్పుకోదు” అని మనుమడు చెప్పెను.

“చెల్లదని చెప్పేదానికి ఇదెవరురా? మా నాయిన ఆడిన ఎత్తు ఇది” అని పెద్దాయన ఫోనును చాపపై బెట్టెను. ఆ పూట ఆట మరల సాగలేదు.

ముదుసలి మరపు గాబోలునని మేమును మొదట ననుకొంటిమి. విచారింపగా అది మరపు కాదని తేలినది. మన దేశవాళీ ఆటలో రాజును కోటలో చేర్చు పద్ధతి లేదు. దానికి బదులుగా, ఎదిరి పావు తన్ను బెదరింపక మునుపు, రాజు ఒక్కమారు గుర్రపు టెత్తు వేయవచ్చును. బంటు మొదటి యెత్తున రెండు గళ్ళు పోదు. కడగడి చేరిన బంటు కోరిన పావుగా మారదు, ఆ నిలువు వరుసలో మొదట నిలిచిన బలముగానే మారును. ఊరూరికి కొంత భేదమున్నను ఆట స్థూలముగా నిదియే. 1814లో బొంబాయిలో అచ్చయిన తిరువెంగడాచార్య శాస్త్రిగారి చదరంగ గ్రంథము, సంస్కృత మూలమును ఐరోపా పద్ధతికి మార్చి ఆంగ్లమున వెలువరించినది. అనగా రెండు ఆటలు వేరువేరని ఆనాటికే యెరుక గలదు. పంజాబు వాడైన మీర్ సుల్తాన్ ఖాను దేశవాళీ ఆటలో ఆరితేరిన పిదప ఐరోపా నియమములు నేర్చి, 1929, 1932, 1933 సంవత్సరములలో ఇంగ్లండున బ్రిటిషు ఛాంపియను పదవి గెలిచెను. నాటు ఆట తెలివితక్కువ వారి ఆట యనువారు ఈ సంగతిని తలపోయవలెను.

మన సీమకును చదరంగమునకును మరియొక ముడి కలదు. 1831లో ఆంగ్లేయులు మైసూరు పాలనను ముమ్మడి కృష్ణరాజ ఒడెయరు చేతినుండి తీసికొనిరి. 1834 మొదలు 1861 వరకు కమిషనరుగా రాజ్యము నేలినవాడు మార్క్ కబ్బన్ దొర. నందికొండ మీద ఆయన బంగళా నేటికిని నిలిచియున్నది. కొండపై దొర రాజ్యపు టెత్తులు వేయుచుండ, మైసూరులో రాజు చదరంగపు బల్లపై గుర్రమును నడపుచుండెను. ఒక్క గడిని రెండుమారులు త్రొక్కక అరువదినాలుగు గళ్ళను చుట్టివచ్చు తురగబంధములను కూర్చుట ఆయనకు మిక్కిలి ప్రియము. ‘శ్రీతత్త్వనిధి’లో కౌతుకనిధి యను భాగము ఆటలకే కేటాయింపబడినది. రాజ్యము పోయినవానికి వేడుకలేమి యని కొందరు నవ్విరట. మాకు నవ్వు రాదు. తన యెత్తు చెల్లెడి బల్ల ఆయనకు అదియొక్కటే మిగిలెను.

ఆ కాలముననే, 1848లో, ఇంగ్లండున బెవర్లీ యనునతడు గుర్రపు నడకకు 1 నుండి 64 వరకు అంకెలు వేసి, ఏ అడ్డవరుస కూడినను, ఏ నిలువువరుస కూడినను 260 వచ్చునట్లు చేసి ‘ఫిలసాఫికల్ మ్యాగజైన్’ పత్రికలో ప్రకటించెను. మూలలు కలుపు వరుసలు మాత్రము కుదరలేదు. అవియు కుదురునా యను ప్రశ్నకు 2003లో కంప్యూటరు అరువది దినములకు పైగా లెక్కించి, కుదరదని తేల్చినది. విశేషమేమన, కంప్యూటరుచే చదరంగ మాడించు విధమును వివరించిన క్లాడ్ షానన్ వ్యాసమును 1950 మార్చిలో ఆ పత్రికయే అచ్చువేసెను. ఆటలోని సాధ్యాసాధ్యములన్నియు ఒకటి పక్కన నూట యిరువది సున్నలంత యుండునని ఆయన అంచనా వేసెను. అన్నింటిని చూచుట అసాధ్యము గనుక కొంత దూరము చూచి, లాభనష్టములు బేరీజు వేసి, ఎత్తు నెన్నుకొను పద్ధతిని సూచించెను. నేటి ప్రోగ్రాములకు మూలసూత్రమిదియే.

యంత్రముతో ఆడవలెనను కోరిక అంతకంటె పాతది. 1770లో వియన్నాలో కెంపెలెన్ చూపిన ‘తురక’ బొమ్మ ఎందరినో ఓడించినది. దాని పెట్టెలో మనిషి దాగియుండెను. 1952లో అలన్ ట్యూరింగు దీనికి సరిగా తలక్రిందులు చేసెను. ప్రోగ్రాము వ్రాసెను గాని నడపగల యంత్రము లేకపోవుటచే, తానే యంత్రమై, కాగితముపై ఒక్కొక్క యెత్తును సుమారు అరగంట లెక్కించి అలిక్ గ్లెన్నీతో నాడెను. ఇరువది తొమ్మిది ఎత్తులలో ఓడెను. మేలైన యెత్తు తనకు తోచినను, వ్రాసిన విధి వేరొకటి చెప్పినచో ఆ విధినే పాటింపవలసి యుండెను.

ఇక చదువరులు శ్రద్ధగా గమనింపదగినది 1956 నాటి సంగతి. అమెరికాలోని లాస్ అలమాస్ ప్రయోగశాలలో మేనియాక్ అను కంప్యూటరు ఆడినది. దాని శక్తి చాలదని తయారు చేసినవారు బల్లను ఆరు గళ్ళకు ఆరు గళ్ళుగా కుదించిరి. శకటులను తీసివేసిరి. బంటు రెండు గళ్ళ యెత్తును తీసివేసిరి. రాజును కోటలో చేర్చుటయు తీసివేసిరి. అట్లు చేసినను ఒక్కొక్క యెత్తునకు పండ్రెండు నిమిషములు పట్టెడిది. మూడవ ఆటలో, వారము క్రిందటనే ఆట నేర్చిన యొక యువతిని గెలిచి అది పేరు తెచ్చుకొన్నది. యంత్రము కోసము ఆటనే వంచిరి, తప్పని యెవరు ననలేదు. బంటు రెండు గళ్ళు పోకుండుట, కోట లేకుండుట—ఈ రెండును చింతామణి పెద్దాయన ఆటలోనివే! ఆ యంత్రమునకు చెల్లిన సడలింపు ఆయనకు చెల్లలేదు.

ఈ విద్య పెరిగిన చోట మన తెలుగువారును గలరు. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో జన్మించిన దబ్బల రాజగోపాలరెడ్డిగారు, లోకమునకు రాజ్ రెడ్డిగారు, 1966లో స్టాన్‌ఫర్డులో జాన్ మెకార్తీ వద్ద డాక్టరేటు పొందిరి. ఆ యేడే మెకార్తీగారి ప్రోగ్రాము మాస్కోవారి ప్రోగ్రాముతో తంతివార్తల మీద నాలుగు ఆటలు మొదలిడి, మరుసటి యేడు ఒకటికి మూడుగా ఓడినది. పిమ్మట రెడ్డిగారు కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున స్థిరపడి, 1988లో ప్రకటించిన ప్రసంగమున ప్రపంచ విజేతను గెలుచు చదరంగ యంత్రమును కృత్రిమ మేధ సాధింపవలసిన మహాకార్యములలో నొకటిగా చెప్పిరి. 1994లో వారికి ట్యూరింగు పురస్కారము లభించినది. ఆ విశ్వవిద్యాలయముననే పుట్టిన ‘డీప్ థాట్’ నిర్మాతలలో థామస్ అనంతరామన్ అను భారతీయుడు గలడు.

యంత్రపు వింత గుణములలో ప్రసిద్ధమైన దానిని 1973లో వివరించినవాడు ఆ విద్యాలయమునకే చెందిన హాన్స్ బెర్లినర్. యంత్రము నిర్ణయించినంత దూరమే చూచును. శకటు పోవుట ఖాయమని తెలిసినపుడు నడుమ నొక బంటును బలియిచ్చి ఆ నష్టమును తన చూపు దాటిన తావునకు నెట్టును. కనబడలేదు గనుక తప్పినదనుకొనును. తుదకు బంటును పోవును, శకటును పోవును. బాకీదారు వాకిట నిలిచినపుడు చిల్లర చేతబెట్టి పంపి, అప్పు తీరినదని నిద్రించు గృహస్థులు మనలోను గలరు.

1997 మే నెలలో న్యూయార్కున ‘డీప్ బ్లూ’ క్షణమునకు ఇరువది కోట్ల స్థితులు చూచుచు గ్యారీ కాస్పరోవును రెండున్నరకు మూడున్నరగా గెలిచినది. ఆ పోటీ మొదటి ఆటలో అది వేసిన నలుబది నాలుగవ యెత్తు ఎవరికిని అంతుబట్టలేదు. ప్రోగ్రాములోని దోషము వలన ఆ యెత్తు గ్రుడ్డిగా పడినదని నిర్మాత మర్రే క్యాంప్‌బెల్ తరువాత చెప్పెను. యంత్రము వేసిన అర్థములేని యెత్తులో గూఢార్థము వెదకుదుము. పెద్దాయన వేసిన అర్థముగల యెత్తును మరపు అందుము. మేమును అట్లే అంటిమి గదా.

నేడు పలు రకముల చదరంగములాడు ప్రోగ్రాములు ఉచితముగనే లభించుచున్నవి. వానిలో ‘ఫెయిరీ స్టాక్‌ఫిష్’ అనునది ఆ లాస్ అలమాస్ కుంటి ఆటను సైత మాడగలదు. క్రొత్త నియమములను వ్రాసి యిచ్చినచో అవియు నేర్చును. ఈ సంగతి మేము చింతామణికి తెలియజేయగా, కంప్యూటరు చదువు చదువుచున్న ఆ మనుమడు నోటుపుస్తకము దీసి తాత యెదుట కూర్చుండెను. రాజు దుముకు, బంటు నడక, రెండు నియమములు తడబాటు లేక వ్రాయబడినవి. మూడవది, రాజు నిలువు వరుసలో కడగడి చేరిన బంటు యేమగును? మంత్రి యగునని పెద్దాయన. మంత్రి బల్లపై నుండగా రెండవ మంత్రి యెక్కడిది, ఆ బంటు అక్కడనే నిలిచి కాచుకొనవలెనని బాగేపల్లి నుండి వచ్చిన వారి చెల్లెలు. “మన నాయిన నాకు నేర్పినప్పుడు నువ్వు మైసూరులో ఉంటివి” అని ఆమె గట్టిగా ననెను. మేము బయలుదేరు వేళకు ఆ పుట యింకను ఖాళీగనే యున్నది.