ఓడలు దూరంగా ఆగిన ఊరు

భీమిలి ఒడ్డున సముద్రానికి లోతు లేదు. మా ఊరి చరిత్రలో సగం ఈ ఒక్క సంగతి నుంచే పుట్టిందని నా నమ్మకం. ఓడ ఏ దేశానిదైనా, ఏ కంపెనీదైనా దూరంగా లంగరు దించి నిలబడాల్సిందే. అక్కణ్ణుంచి సరుకు ఇసుక మీదికి రావాలన్నా, ఇక్కణ్ణుంచి ఓడకెక్కాలన్నా మధ్యలో విరిగే కెరటాల్ని దాటించేవాళ్లు కావాలి. ఆ దాటించేవాళ్లు మా ఊరి వాడబలిజలూ జాలర్లూ. భీమిలి గురించి చెప్పమంటే అందరూ డచ్చివాళ్ల సమాధుల దగ్గర మొదలుపెడతారు. నేను పడవ దగ్గర మొదలుపెడతాను.

మసూలా పడవ అనేవారు దాన్ని. పలకల్ని మేకులతో బిగించరు, కొబ్బరిపీచు తాడుతో కుడతారు. మేకులు కొట్టిన పడవని కెరటం ఎత్తి ఇసుకకేసి కొడితే పలకలు విరిగిపోతాయి. కుట్టిన పడవ ఆ దెబ్బకి కాస్త ఒంగి మళ్లీ తన రూపానికి వస్తుంది. కుట్లలోంచి నీళ్లు ఊరుతూనే ఉంటాయి, ఒకడు తోడిపోస్తూనే ఉంటాడు. హార్బర్లు కట్టేదాకా మద్రాసుతో సహా ఈ తీరం మీది రేవులన్నీ ఇలాంటి పడవల మీదే బతికాయి. కెరటానికీ కెరటానికీ మధ్య సందు చూసి ఎప్పుడు తెడ్డు వెయ్యాలో, ఎప్పుడు ఆగాలో ఏ కంపెనీ కప్తానుకీ తెలీదు. ఆ ఘడియ పడవవాడిది. పొమ్మంటే పోవాలి, ఇవాళ సంద్రం బాగులేదంటే దొరగారైనా ఒడ్డున కూర్చోవాలి.

డచ్చి ఈస్టిండియా కంపెనీ మా ఊళ్లో దిగింది 17వ శతాబ్దంలో. వాళ్లకి కావలసింది మన నేతబట్టలూ, బియ్యమూ. గిడ్డంగి కట్టుకున్నారు, కోట కట్టుకున్నారు, చనిపోయినవాళ్లని ఇక్కడే పూడ్చుకున్నారు. 1754లో మరాఠా దండు వచ్చి ఊరిని దోచింది. ఉత్తర సర్కారులు ఫ్రెంచివాళ్ల పాలయ్యాయన్న కోపంతో శ్రీకాకుళం నవాబు జాఫర్ అలీ వాళ్లని పిలిచాడు. తగువు ఎవరిదో, దెబ్బ ఎవరికో! ఆ తర్వాత యూరపులో ఇంగ్లీషువాళ్లూ డచ్చివాళ్లూ పేచీ పడ్డప్పుడల్లా ఇక్కడ జెండా మారేది. 1781లో ఇంగ్లీషువాళ్లు పట్టుకున్నారు, సంధి కుదిరాక తిరిగి ఇచ్చారు, మళ్లీ పట్టుకున్నారు, మళ్లీ ఇచ్చారు. చివరికి 1825లో భీమునిపట్నం శాశ్వతంగా ఇంగ్లీషువాళ్ల చేతికి వెళ్లింది. ఒడ్డు మీద ఎవరి జెండా ఎగిరినా కెరటం దాటించింది మాత్రం ఆ పడవవాళ్లే.

డచ్చి శ్మశానంలో కోసుగా పైకి లేచిన కట్టడాలు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. రాళ్ల మీద పేర్లు, తేదీలు చెక్కి ఉన్నాయి. ఎక్కడెక్కణ్ణుంచో వచ్చి ఫొటోలు తీసుకుంటారు, తీసుకోవలసిన చోటే. అయితే సరుకు దించబోయి కెరటాల్లో పోయిన పడవవాళ్లకి ఒక్క రాయి కూడా లేదు. ఊరి చరిత్ర అని మనం చదివేది రాళ్లు వేయించుకునే స్తోమత ఉన్నవాళ్ల చరిత్రే అని నాకు అనుమానం.

ఊరు నిజంగా వెలిగింది 19వ శతాబ్దంలో. 1861లో మునిసిపాలిటీ వచ్చింది. దేశంలో రెండో పాత మునిసిపాలిటీ మాదేనని భీమిలిలో బడిపిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. మొదటిదో రెండోదో తేల్చుకునే పట్టుదల నాకు లేదు, 1861 అన్న అంకె చాలు. 2013లో ఆ మునిసిపాలిటీని విశాఖ మహానగరపాలక సంస్థలో కలిపేశారు. దాంతో మా పెద్దలకి చెప్పుకునే గొప్ప ఒకటి తగ్గి, నిట్టూర్చే కారణం ఒకటి పెరిగింది.

అప్పటి ఎగుమతుల్లో నువ్వులు, కరక్కాయలు, గోగునార ముఖ్యమైనవి. తోళ్లు పదును చెయ్యడానికి కరక్కాయ కావాలి. మన్యం అడవుల్లో ఏరిన కాయలు బళ్ల మీద మా ఊరికి దిగి, పడవెక్కి, ఓడెక్కి సీమ తోళ్ల కార్ఖానాలకి చేరేవి. విజయనగరం, శ్రీకాకుళం వైపు మెట్ట పొలాల గోగునారకైతే ప్రపంచ మార్కెట్లో మా ఊరి పేరే పెట్టారు, 'బిమ్లీ జూట్' అని. మా ఊళ్లో గోగు పండేది కాదు, ఇక్కణ్ణుంచి ఓడెక్కేది, అంతే. ఆ నార మీదే నడిచిన చిట్టివలస జూట్ మిల్లు కూడా మూతపడి చాలా ఏళ్లయింది.

దెబ్బ రెండు దఫాలుగా పడింది. 1890లలో మద్రాసు, కలకత్తాలని కలిపే రైలుమార్గం విజయనగరం మీదుగా వెళ్లింది. భీమిలికి పట్టాలు రాలేదు. రైలు లేని రేవుకి బండి ఎంతకాలం సరుకు తోలుతుంది? 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ విశాఖ హార్బరులోకి వచ్చి నేరుగా గట్టు పక్కన ఆగింది. ఓడకీ ఒడ్డుకీ మధ్య పడవ అక్కర్లేని రోజు అది. కోఠీలు ఒక్కొక్కటే తలుపులు మూశాయి, షావుకార్లు విశాఖ దారి పట్టారు. గడియార స్తంభం, లైట్‌హౌసు, సెయింట్ పీటర్స్ చర్చి, పెద్ద అరుగుల పెంకుటిళ్లు మిగిలాయి. ఓడ సరుకు పోయినా పడవవాళ్లకి వల ఉంది. వాళ్లు ఉండిపోయారు.

నా చిన్ననాటికి ఊరు అలాంటి స్థితిలో ఉంది. వేసవి సెలవులు ఇచ్చేసరికి విజయనగరం నుంచీ విశాఖ నుంచీ పెద్దనాన్న పిల్లలూ మేనత్త పిల్లలూ దిగేవారు. వాళ్లకి భీమిలి అంటే విడిది, మాకు ఇల్లు. ఆ తేడా మామ్మ బాగా వాడుకునేది. చుట్టాల పిల్లలకి ముంజెలు, మాకు పనులు. పొద్దున్నే ఒడ్డుకి పరిగెత్తించడంలో మాత్రం పక్షపాతం లేదు, అందరం పోయేవాళ్లం.

ఎందుకంటే పొద్దున్న అలివి వల లాగేవారు. తెల్లారకముందే వల ఒక కొసని ఒడ్డున ఉంచి, పడవలో రెండో కొసని సముద్రంలోకి అర్ధచంద్రంగా తిప్పి, దూరంగా మళ్లీ ఒడ్డుకి తెస్తారు. రెండు కొసల దగ్గరా రెండు జట్లు తాళ్లు పట్టుకుని గంటలకొద్దీ లాగాలి. లాగుతూ లాగుతూ రెండు జట్లూ దగ్గరవుతాయి, నడుమ వల సంచి ఒడ్డెక్కుతుంది. మేం తాడు చివర వేలాడేవాళ్లం. మా బలం వల్ల వల ఒక్క అంగుళం కదిలిందని నేననుకోను. అయినా ముసలి తాత ఒకాయన గట్టిగా అరిచేవాడు, "తాడు ఒగ్గీకండర్రా బాబూ!" అని. ఆ మాటతో మా ఛాతీలు ఉబ్బేవి. వల సంచి విప్పగానే ఒక్కోరోజు కవళ్లు, నెత్తళ్లు వెండిరాశిలా పడేవి. ఒక్కోరోజు నాచూ, జెల్లీ చేపలూ, నాలుగు పీతలూ. ఆ రోజు ఎవరూ అరిచేవారు కాదు. మాకు అది ఆట చెడిన రోజు, వాళ్లకి పొయ్యి సంగతి. ఆ తేడా మాకు అప్పుడు తెలీదు.

పడ్డ చేపకి ఒడ్డునే పాట పాడేవారు. కొన్న ఆడవాళ్లు గంపకెత్తుకుని ఇళ్ల వెంట తిరిగేవారు. మామ్మ బేరానికి కూర్చుంటే అరగంట. ధర కుదిరాక ఆ అమ్మాయికే మజ్జిగ ఇచ్చి ఇంట్లో కబుర్లు అడిగేది. ఆ మధ్యాహ్నం నెత్తళ్లలో పచ్చి మామిడికాయ ముక్కలు పడేవి. వండింది చల్లారి రాత్రికి ఇంకా రుచి ఎక్కేది. నెత్తళ్లు మరీ ఎక్కువ పడ్డ రోజుల్లో ఇసుక మీదే ఎండబెట్టేవారు. ఆ వాసనకి విశాఖ పిల్లలు ముక్కు మూసుకుంటే మాకు చిన్నతనంగా ఉండేది, కొంచెం కోపంగా కూడా.

సాయంత్రాలు గోస్తనీ మొగ దగ్గర. బొర్రా గుహల దగ్గర పుట్టిన ఏరు మా ఊళ్లో సముద్రంలో కలుస్తుంది. ఎండాకాలం ఇసుకమేట అడ్డం పడి ఏరు సన్నగిల్లితే మోకాలి లోతులో దాటేసేవాళ్లం. పెద్దలకి తెలిస్తే వీపు చీరేసేవారు, మొగ దగ్గర నీటి లాగు చూడ్డానికి కనపడదు. కొన్నిసార్లు పావురాళ్లకొండ ఎక్కేవాళ్లం. నరసింహస్వామి గుడి దాటి పైకి వెళ్తే బౌద్ధుల కాలంలో వాన నీటి కోసం రాతిలో తొలిచిన తొట్లు ఉంటాయి. ఆ తొట్లు భీముడి స్నానాల గదులని మా అన్న చెప్పేవాడు. బకాసురుణ్ణి చంపిన భీముడి పేరే ఊరికి పెట్టారన్నది స్థలపురాణం కాబట్టి ఎవరం కాదనలేదు. సంద్రం మీదున్నవాళ్లకి ఆ కొండే దారి గుర్తు. చేప దొరికిన చోటుని కొండనీ ఒడ్డు మీది మరో గుర్తునీ కలిపి గీత గీసుకుని మనసులో పెట్టుకునేవారు. కొడుక్కి తప్ప చెప్పేవారు కాదు.

ఇప్పుడు విశాఖ నుంచి తొమ్మిదొందల కె బస్సెక్కితే తొట్లకొండ, మంగమారిపేట, ఎర్రమట్టి దిబ్బల మీదుగా సముద్రాన్ని చూసుకుంటూ మా ఊరు రావచ్చు. దారంతా రిసార్టులు, ఫ్లాట్లు. ఒడ్డున చెక్కతెప్పలు తగ్గి ఇంజను బిగించిన ఫైబరు బోట్లు వచ్చాయి. చేప ఒడ్డుకి దగ్గర్లో దొరకదు, లోపలికి పోవాలి, డీజిలు పొయ్యాలి. అలివి వల లాగే జట్టుకి కావలసినంత మంది కుర్రాళ్లు ఊళ్లో లేరు. కొందరు చేపల ఉద్యోగానికే గుజరాతు దాకా పోతున్నారు.

ఎండాకాలం మా బీచికి వచ్చేవాళ్లు బోట్లన్నీ ఒడ్డున వరసగా ఉండడం చూసి, అందంగా ఉందని ఫొటో తీసుకుంటారు. అది వేట నిషేధ కాలం. చేపలు గుడ్లు పెట్టే రోజులని తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఇంజను బోట్లని సముద్రంలోకి పోనివ్వరు. ఆ 61 రోజులూ వలలు బాగుచేసుకుంటారు, బోట్లకి రంగులు వేసుకుంటారు, ప్రభుత్వం ఇచ్చే భృతి కోసం ఎదురుచూస్తారు. ఇంజను లేని తెప్పల మీద తెచ్చే కాసిని చేపలు ఊరికే చాలవు. మే నెలలో మా ఒడ్డున కూర్చుని మీరు అడిగే చేప వేపుడు చెరువుదో, నిషేధం ఇంకా మొదలుకాని పడమటి తీరం నుంచి ఐసులో వచ్చిందో కావచ్చు.

పిల్లలకి వల ఒడ్డెక్కడం చూపించాలని చుట్టాలు ఫోను చేసి అడుగుతుంటారు. వేట మళ్లీ మొదలయ్యేది జూన్ 14 అర్ధరాత్రి దాటాక. బడులు 12నే తెరుస్తారు.