గొట్టములు - తొడుగులు

పాఠశాలలో వ్యాకరణము చెప్పి పింఛను పుచ్చుకొనుచున్న నాకు కంప్యూటరు ముచ్చట లేల యని మీరు నవ్వవచ్చును. నేను ముప్పదియేండ్లు కూర్చిన ధాతువుల పట్టికలోని పద్యసంఖ్యలను మా మనుమడు యంత్రమున కెక్కించెను. తెరచి చూడగా చివరి భాగము లేదు! ఆ నష్టమే నన్నీ చరిత్రలోనికి దించినది.

1964లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల యందు డగ్లస్ మెక్‌ఇల్రాయ్ అను నతడు, తోటలో నీటిగొట్టములను ఒకదానికొకటి బిగించునట్లు ప్రోగ్రాములను బిగింపవలెనని యొక పత్రమున వ్రాసెను. 1973లో కెన్ థాంప్సన్ యూనిక్సునందు దానిని సాధించెను. 1996లో వెలువడిన జావా భాషలో బైట్ల ప్రవాహములే వస్తువు లైనవి. ఫైల్ అవుట్‌పుట్ స్ట్రీము బైట్లను ఫైలునకు చేర్చును. దానిపై బఫర్డ్ అవుట్‌పుట్ స్ట్రీమును, ఆపై డేటా అవుట్‌పుట్ స్ట్రీమును తొడుగుదురు. పైది సంఖ్యను బైట్లుగా విడదీయును; నడిమిది గాదెవలె కూడబెట్టి యొక్కమారు క్రిందికి పంపును. మూడింటికిని మూలము అవుట్‌పుట్ స్ట్రీ మొక్కటే గావున, తొడుగునకు తన లోపలి దేదియో తెలియ నక్కరలేదు. ఇట్టి కూర్పునకు 1994లోనే నలుగురు గ్రంథకర్తలు డెకరేటర్ అని పేరిడియుండిరి. అలంకరించువా డను నర్థముగల యీ పేరు నాకు రుచింపదు. ఇది ప్రత్యయముపై ప్రత్యయము చేరుట. నగ పెట్టుట కాదు.

1234567890 అను సంఖ్యను అంకెలుగా వ్రాసిన పది బైట్లు పట్టును. ద్విసంఖ్యా రూపమున నాలుగే చాలును. అయితే ఏ బైటు ముందు? జావా 1950ని 0, 0, 7, 158 అని పెద్దది ముందుగా వ్రాయును. ఇంటెల్ జాతి యంత్రములు 158, 7, 0, 0 అని చిన్నది ముందుగా నుంచుకొనును. 1726లో స్విఫ్టు వ్రాసిన కథలోని గ్రుడ్డు తగవును బట్టి, 1980లో డానీ కోహెన్ ఈ రెండు పక్షములకును పేర్లు పెట్టెను. మన శాసనకర్తలు నేత్ర-బాణములనిన 52 అని చదువవలెను గదా. నా కీ తగవు వింతగా తోపలేదు.

ఇక మా పట్టిక సంగతి. నడిమి గాదెలో సాధారణముగా 8192 బైట్లు పట్టును. అది నిండినగాని క్రిందికి పారదు. పై తొడుగును మూసినచో అది మిగిలినదానిని దింపి, తన లోపలివానిని తానే మూయును. మావాడు తొందరపడి లోపలి ఫైలును మాత్రము మూసి లేచెను. గాదెలోని సంఖ్యలు గాదెలోనే యడగిపోయెను.

ఒక వాక్యమును సవరించుటకు వానికి నిమిషము పట్టలేదు. పోయిన సంఖ్యలను నా పాత నోటుపుస్తకమునుండి నేను చదువగా, వాడు రెండు సాయంకాలములు కూర్చుండి మరల ఎక్కించెను.