కోలారు సీమ తెలుగువారి జాతీయత

జాతి యనునది దేనిచే నేర్పడును? భాషచేతనా, నేలచేతనా, పాలనచేతనా, లేక కలసియుండవలెనను సంకల్పముచేతనా? ఈ ప్రశ్నకు కోలారు సీమ తెలుగువారి చరిత్రము ఏమి సమాధాన మిచ్చునో పరిశీలించుట యీ వ్యాసమున కుద్దేశము. అందులకు ముందు దూరదేశపు దృష్టాంత మొకటి చూతము.

బర్మా దేశపు పశ్చిమ భాగమున చిన్ కొండలు కలవు. అచ్చటి జనులకు చిన్ అను పేరు పరులు పెట్టినది. వారిలో పలువురు తమను జో, జోమీ, లాయీ మొదలగు పేళ్లతో చెప్పుకొందురు. తిద్దిం, ఫలాం, హఖా ప్రాంతముల పలుకులు వేరువేరు. ఐనను 1948 ఫిబ్రవరి 20వ తేదీన వారు ఫలాములో సమావేశమై, వంశపారంపర్యముగ వచ్చు దొరల యేలుబడిని తొలగింప నిశ్చయించిరి. ఆ దినమునే తమ జాతీయ దినముగ నెంచుకొనిరి. వారికి జ్ఞాతులైన మిజోలు సరిహద్దున కీవల భారతదేశమున నున్నారు. వారికి భాషలు పెక్కు, దేశములు రెండు. ఐనను మేమొక జాతి యను భావము వారిలో నిలచినది.

మనకును పరులు పెట్టిన పేళ్లు కలవు. తమిళులు మనలను వడుగు లనిరి. బర్మాకు ఓడ నెక్కి పోయిన తెలుగువారిని, కాకినాడ చెంతనున్న కోరంగి రేవును బట్టి, అచ్చట కోరంగీ లనిరి. కోలారు తెలుగువారి స్థితి చిన్ జనుల స్థితికి భిన్నమైనది. వీరికి భాష యొక్కటే. ఆ భాష పేర నేర్పడిన రాష్ట్రము మాత్రము సరిహద్దున కావల నున్నది.

కోలారు ప్రాచీన నామము కువలాలపురము. గంగరాజుల తొలి రాజధాని యిదియే. ఆవనిలో నొళంబులును, కోలారులో చోళులును ఆలయములు కట్టించిరి. హొయ్సల విష్ణువర్ధనుని శాసనములు నంగలిని అతని రాజ్యమునకు తూర్పు టెల్లగా పేర్కొన్నవి. ఆ నంగలి నేటికిని ముళబాగిలు తాలూకాలో, పలమనేరు పోవు దారిలో, ఆంధ్ర సరిహద్దు చెంతనే యున్నది. ముళబాగిలు అను పేరు 'మూడల బాగిలు', అనగా తూర్పు వాకిలి, అను మాటనుండి వచ్చినదందురు. విజయనగర ప్రభువుల కాలమునను, పిదప పాళెగాండ్ర కాలమునను, ఈ వాకిట జనుల రాకపోకలు సాగుచునే యుండెను. బి.ఎల్. రైసు 1905లో ప్రకటించిన ఎపిగ్రాఫియా కర్ణాటికా పదవ సంపుటము ఈ జిల్లా శాసనములదే. అందు కన్నడముతోపాటు తమిళ, తెలుగు, సంస్కృత శాసనములు కలవు. కావున ఇచ్చటి తెలుగువారందరు నిన్న మొన్న వలస వచ్చినవారనుట గాని, ఈ నేల తెలుగువారి సొత్తు మాత్రమే యనుట గాని చరిత్రకు సరిపడదు.

ఈ సీమ హృదయము నెరుగగోరువారు కైవారము పోయి చూడవలెను. చింతామణి తాలూకాలోని యీ గ్రామము 2007 వరకు కోలారు జిల్లాలో నుండి, పిదప చిక్కబళ్లాపురము జిల్లాలో చేరినది. గాజులమ్ము బలిజ కుటుంబమున పుట్టిన నారాయణప్ప యిచ్చటనే యోగియై కైవారం తాతయ్య యని ప్రసిద్ధుడయ్యెను. ఆయన 1726 మొదలు 1836 వరకు జీవించెనని సంప్రదాయము. ఆయన తెలుగునను కన్నడమునను తత్త్వములు పాడెను, కాలజ్ఞానము చెప్పెను, అమరనారేయణ శతకమును తెలుగున రచించెను. వినువారిది ఏ భాష యని ఆయన యడుగలేదు.

చిక్కబళ్లాపురము చెంత ముద్దేనహళ్లిలో జన్మించి, 1912 మొదలు 1918 వరకు మైసూరు దివానుగ నుండిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి పూర్వులు మోక్షగుండమునకు చెందిన తెలుగువారు. మాలూరు తాలూకాలో పుట్టిన మాస్తి వెంకటేశ అయ్యంగారి యింటి భాష తమిళము. ఆయన కన్నడమున కథలు వ్రాసి 1983 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము నందిరి. ఇంటి భాష యొకటి, లోకవ్యవహార భాష మరియొకటి యగుట ఈ సీమలో వింత కాదు, ద్రోహమును కాదు.

బంగారు గనులు ఈ కలయికను మరింత పెంచినవి. 1880లో జాన్ టేలరు కంపెనీవారు గనుల పని చేపట్టిన పిదప, ఉత్తర ఆర్కాడు మొదలగు ప్రాంతములనుండి కూలీలు వేలకొలది వచ్చిరి. చిత్తూరు 1911 వరకు ఆ ఉత్తర ఆర్కాడు జిల్లాలోని భాగమే. గనులలో తమిళులు అధికసంఖ్యాకులు. తెలుగువారును వారి ప్రక్కనే భూమి లోతులకు దిగిరి. 1902లో శివసముద్రమునుండి విద్యుత్తు వచ్చినది. 1956లో గనులు ప్రభుత్వపరమైనవి. 2001లో మూతపడినవి. జీవనోపాధి పోగా పలు కుటుంబములు చెదరినవి. వాటితోపాటు వాడల పాటలును మాటలును చెదరినవి.

1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు బళ్లారి జిల్లాలో ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకును, తక్కినది మైసూరునకును చేరెను. 1955లో నివేదిక సమర్పించిన రాష్ట్రముల పునర్విభజన సంఘము, కోలారు జిల్లాలో సగమునకు మించి తెలుగువారున్నను, దానిని మైసూరులోనే యుంచెను. రాష్ట్ర నిర్మాణమునకు భాష యొక్కటే కొలబద్ద కారాదని ఆ సంఘము మతము. ఆ నిర్ణయమును నేడు తిరగదోడ వలసిన పని లేదు. 1956లో రాజ్యాంగమున చేర్చిన 350-ఎ అధికరణము, అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు తగిన వసతులు కల్పింప ప్రయత్నింపవలెనని రాష్ట్రములను ఆదేశించుచున్నది. సరిహద్దు మారకున్నను అక్షరము దక్కవలెనని దీని భావము.

కాని యేమి జరిగినది? ఒకనాడు తరగతిలో, "మీ యింటి పెద్దలు పాడు పాట నొకదానిని వ్రాసి తెండు" అని పిల్లలకు చెప్పితిని. పలువురు తెలుగు పాటలనే తెచ్చిరి. కన్నడ లిపిలో వ్రాసి తెచ్చిరి. మాటలలో లోపము లేదు, అక్షరములే తెలుగువి కావు. తాతయ్య తెలుగు కీర్తనలను కన్నడ లిపిలోనే చదివి పాడుకొను భక్తులు ఈ సీమలో ననేకులు. ఇది కన్నడము చేసిన అపకారము కాదు. ఆ లిపి మన కీర్తనలను కాపాడినది. బడిలో తెలుగు వలదని తమ బిడ్డలను ఇంగ్లీషు బడికి పంపిన తల్లిదండ్రులదే యిందు అధిక బాధ్యత. వారిలో మన బంధుమిత్రులును కలరు.

చిన్ కొండలవారి కడకు మరల పోదము. పూర్వము వారికి లిపి లేదు. మిషనరీలు రోమను లిపిలో వ్రాత నేర్పిరి. వారిలోనే పావు చిన్ హావ్ అను నాతడు తానే యొక లిపిని కల్పించెను. వారు లేని లిపిని సంపాదించుకొనిరి. మనము ఉన్న లిపిని జారవిడుచుచున్నాము.

కావున మొదటి ప్రశ్నకు ఈ సీమ యిచ్చు సమాధాన మిది: పాలన మారినను, సరిహద్దు మారినను జాతి నశింపదు, తన మాటను తాను చదువుకొనలేని తరము వచ్చిననాడు నశించును. తెలుగు కన్నడ లిపులు ఒకే తల్లి బిడ్డలు. కన్నడము చదువ నేర్చిన బాలునకు తెలుగక్షరములు నేర్పుటకు కొలది వారములు చాలును. ప్రతి వేసవిలో ముళబాగిలు, శ్రీనివాసపురము, బంగారు గనుల పేటలలో అక్షరశిబిరములు నడపుటయు, ఇంటింటి పాటలను తెలుగు లిపిలో వ్రాసి యుంచుటయు మన సంఘమునకు అసాధ్యములు కావు. పాడగల ముసలివారు ఇంకను కొందరున్నారు. వారుండగనే యీ పని కావలెను.