ఆంధ్రరాష్ట్ర ప్రథమ మంత్రివర్గము

1947 ఆగష్టు 15 వ తేదీన స్వతంత్రభారతమునకు పండిత జవహర్లాల్ నెహ్రూగారు కూర్చిన తొలి మంత్రివర్గమున, ఆయనతోగూడ 14 గురుండిరి. డాక్టరు అంబేద్కరుగారివంటి కాంగ్రెసేతరులకును అందు తావు గలిగెను గాని ఆంధ్రజిల్లాలనుండి యొక్కరును లేరైరి. తెలుగువారు తమదని చెప్పుకొనదగిన మంత్రివర్గమును చూచుట కింక నాఱు సంవత్సరములు పట్టెను. దానికి మూల్యముగా నొక ప్రాణము పోయెను.

ఆ ప్రాణము మన కులమున జన్మించిన పొట్టి శ్రీరాములుగారిది. వాసవీకన్యక యాత్మార్పణగాథను చిన్ననాటనుండియు వినుచు పెరిగిన పెనుగొండవారమైన మాకు ఆయన పేరు వినినంతనే మనస్సు కరగును. 1952 అక్టోబరు 19 వ తేదీన మద్రాసులో బులుసు సాంబమూర్తిగారి యింట నిరాహారదీక్ష బూని, డిసెంబరు 15 వ తేదీ రాత్రి యసువులు బాసిరి. నాలుగు దినములకు నెహ్రూగారు పార్లమెంటులో ఆంధ్రరాష్ట్ర నిర్మాణమును ప్రకటించిరి. మద్రాసు నగరము మాత్రము మనకు దక్కలేదు. మన సభలలో ఆ మహనీయుని పటమునకు పూలమాల వేయుట యాచారమైనది. ఆయన మరణముచే లభించిన ప్రభుత్వ మేమి చేసెనో, యెట్లు కూలెనో చెప్పువారు మాత్ర మరుదు. ఆ కథనే మే మిచ్చట వ్రాయబూనితిమి.

1953 అక్టోబరు 1 వ తేదీన కర్నూలులో నెహ్రూగారు నూతనరాష్ట్రమును ప్రారంభించిరి. చందూలాల్ త్రివేదిగారు గవర్నరు. టంగుటూరి ప్రకాశం పంతులుగారు ముఖ్యమంత్రి. నీలం సంజీవరెడ్డిగారు ఉపముఖ్యమంత్రి. తెన్నేటి విశ్వనాథంగారు, దామోదరం సంజీవయ్యగారు మున్నగువారు మంత్రులు. 140 స్థానములుగల శాసనసభలో కాంగ్రెసునకును కమ్యూనిస్టులకును ఇంచుమించు సమానబల ముండుటచే నే పక్షమును స్వయముగా నిలువజాలదయ్యెను. కావుననే కాంగ్రెసును వీడిపోయిన ప్రకాశంగారిని కాంగ్రెసువారే పిలిచి నాయకత్వ మిచ్చిరి. అప్పటి కాయన 81 ఏండ్ల వృద్ధు. 1946 లో మద్రాసు ప్రధానమంత్రియై, యేడాది నిండకమునుపే స్వపక్షమువారిచేతనే పదవీభ్రష్టులైన యనుభవ మాయనకు లేకపోలేదు.

రాజధానివిషయమున గోదావరి, కృష్ణామండలములవారి మనస్సు బెజవాడమీద నుండెను. అయినను 1937 నాటి శ్రీబాగు ఒడంబడిక ననుసరించి రాజధాని, హైకోర్టులలో నొకటి రాయలసీమకు, రెండవది తీరమునకు చెందవలెను. రాజధాని కర్నూలునకును, 1954 లో హైకోర్టు గుంటూరునకును వచ్చెను. మనకు దూరమైనను ఆడినమాట నిలుపుకొనుట న్యాయమేయని మా యభిప్రాయము. కర్నూలులో చాలిన కట్టడములు లేవు. మద్రాసు మేడలలో పనిచేసి యలవాటుపడిన గుమాస్తాలు ఎండకును గాలికిని గుడారములలో దస్త్రములు విప్పుకొనిరి. ప్రభుత్వమన్న భవనములే యనుకొనువారికి ఆ దృశ్యము నవ్వు పుట్టించియుండవచ్చును. మాకు మాత్రము గౌరవమే కలుగుచున్నది.

ఆ గుడారములనుండియే 1954 లో బెజవాడవద్ద కృష్ణపై క్రొత్త యానకట్ట పని యారంభింపబడెను. తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయము వెలసెను.

మంత్రివర్గమును కూల్చినది కల్లు. 1937 లో రాజాజీగారు సేలము జిల్లాలో మొదలుపెట్టిన మద్యనిషేధము మద్రాసునుండి మనకు సంక్రమించినది. తాటిచెట్లు గట్లవెంట బారులు తీరిన మన డెల్టాలో గీతపనివారి యిండ్లలో పొయ్యి రాజుటయే కష్టమయ్యెను. గౌతు లచ్చన్నగారి నాయకత్వమున వారు సత్యాగ్రహము చేసిరి. ప్రభుత్వమే నియమించిన రామమూర్తి సంఘము నిషేధమును తొలగింపుడని చెప్పెను, మంత్రివర్గ మంగీకరింపలేదు. శ్రీరాములుగారు గాంధీజీ శిష్యులు. కల్లు మానుడనుట ఆయన హృదయమునకును ప్రియమే. అయినను చెట్టెక్కి బ్రతుకువానికి వేఱొక బ్రతుకుదెరువు చూపక చట్టమును మాత్రము పట్టుకొని కూర్చుండుట పాలకులకు తగిన పనియని మేమెంతమాత్రము నంగీకరింపజాలము. వర్తకము చేయు మనకు, రొక్కము లేని యింటి బాధ తెలియనిదికాదు గదా.

1954 నవంబరు 6 వ తేదీన అవిశ్వాసతీర్మానము నెగ్గెను. తేడా యొక్కటే వోటు. పదుమూడు నెలల పాలన ముగిసి రాష్ట్రపతి పరిపాలన వచ్చెను. 1955 ఎన్నికల పిమ్మట బెజవాడ గోపాలరెడ్డిగారు ముఖ్యమంత్రియైరి. 1956 నవంబరు 1 వ తేదీన ఆంధ్రప్రదేశ మేర్పడి రాజధాని హైదరాబాదునకు తరలిపోవుటతో కర్నూలు గుడారములకథ ముగిసెను. ప్రకాశంగారు 1957 మే 20 వ తేదీన దివంగతులైరి. వారి మంత్రివర్గము మొదలిడిన కృష్ణ యానకట్ట ఆ యేడు చివర పూర్తికాగా, దానికి వారి పేరే పెట్టిరి.